మోటారుసైకిలు హైడ్రాలిక్ లిఫ్టు

మోటారుసైకిలు హైడ్రాలిక్ లిఫ్టు అనేది ద్విచక్ర వాహనాన్ని నేల మీది నుండి మనిషి నడుము ఎత్తు వరకు లేపి, మరమ్మత్తు పూర్తయ్యే వరకు నిలిపి ఉంచే బల్ల వంటి పరికరం. ఇది చమురు పీడనంతో పనిచేస్తుంది. మెకానిక్ షెడ్లలో దీనిని ర్యాంపు అని, బైకు లిఫ్టు అని పిలుస్తారు. సాధారణంగా వీటి సామర్థ్యం 300 నుండి 500 కిలోల వరకు ఉంటుంది. మన రోడ్లపై తిరిగే 100 సి.సి. వాహనాల బరువు సుమారు 110 కిలోలు, బుల్లెట్ 350 బరువు సుమారు 195 కిలోలు కనుక ఈ సామర్థ్యం చాలినంతగా ఉంటుంది.

గోదావరి డెల్టాలో, అనగా ఉమ్మడి తూర్పు, పశ్చిమ గోదావరి జిల్లాల పల్లపు ప్రాంతంలో, గాలిలోని తేమ, సముద్రతీరపు ఉప్పుగాలి, వరదల వలన ఈ పరికరానికి తుప్పు, చమురులో నీరు చేరడం వంటి ఇబ్బందులు ఎక్కువ. లిఫ్టులో వచ్చే లోపాలలో అధికభాగం చమురు తగ్గడం, గాలి చేరడం, కవాటం వద్ద మురికి పట్టడం, సీలు అరగడం అనే నాలుగు కారణాల వలననే కలుగుతాయి. వీటిలో చాలావాటిని ఇంటివద్దనే గుర్తించి సరిచేయవచ్చు. అయితే పైన బరువు ఉండగా మరమ్మత్తుకు పూనుకోవడం ప్రాణాపాయం.

పనిచేయు సూత్రం

మూసి ఉన్న ద్రవంపై ఒకచోట కలిగించిన పీడనం ద్రవమంతటా సమానంగా వ్యాపిస్తుంది. దీనిని పాస్కల్ నియమం అంటారు. ఫ్రాన్సు దేశ శాస్త్రవేత్త బ్లేజ్ పాస్కల్ ప్రతిపాదించిన ఈ నియమం ఆధారంగా ఇంగ్లండుకు చెందిన జోసెఫ్ బ్రామా 1795లో హైడ్రాలిక్ ప్రెస్సుకు పేటెంటు పొందాడు. నేటి జాకీలు, ట్రాక్టరు లిఫ్టులు, ప్రొక్లెయిన్లు అన్నీ ఇదే నియమం మీద పనిచేస్తాయి. గోదావరి మీది పోలవరం ప్రాజెక్టు స్పిల్‌వేలోని 48 రేడియల్ గేట్లను ఎత్తేది కూడా హైడ్రాలిక్ సిలిండర్లే. ఒక్కొక్క గేటుకు రెండు చొప్పున మొత్తం 96 సిలిండర్లు ఉన్నాయి.

ఉదాహరణకు, లిఫ్టు పంపులోని చిన్న పిస్టన్ వ్యాసం 10 మి.మీ., పెద్ద రామ్ వ్యాసం 40 మి.మీ. అనుకుందాం. వైశాల్యాల నిష్పత్తి 1:16 అవుతుంది. పెడలు మీద 20 కిలోల బరువుతో తొక్కితే, పెడలు తులాదండం దానిని ఆరు రెట్లు చేసి చిన్న పిస్టన్‌కు 120 కిలోలుగా అందిస్తుంది. రామ్ వద్ద అది 16 రెట్లు పెరిగి సుమారు 1,900 కిలోలు అవుతుంది. ఇందుకు బదులుగా దూరం తగ్గుతుంది. రామ్ ఒక సెంటీమీటరు కదలడానికి చిన్న పిస్టన్ మొత్తం మీద 16 సెంటీమీటర్లు కదలాలి. అందువలననే పెడలును చాలాసార్లు తొక్కవలసి వస్తుంది.

200 కిలోల వాహనానికి ఇంత బలం ఎందుకన్న సందేహం కలుగవచ్చు. బల్ల పూర్తిగా దిగి ఉన్నప్పుడు కత్తెర చేతులు, రామ్ దాదాపు అడ్డంగా పడుకొని ఉంటాయి. ఆ స్థితిలో రామ్ బలంలో కొద్ది భాగమే పైకి పనిచేస్తుంది. బల్ల లేచేకొద్దీ పని తేలికవుతుంది. లోపాన్ని గుర్తించడంలో ఈ విషయం ఎంతో ఉపయోగపడుతుంది. అడుగు నుండి లేవని లిఫ్టు, నలుగురు కలిసి ఖాళీ బల్లను కొంత పైకి లేపి పట్టుకున్న తరువాత చక్కగా పనిచేస్తే, పంపు తగినంత పీడనాన్ని ఇవ్వలేకపోతున్నదని అర్థం.

ముఖ్య భాగాలు

* బల్ల, కత్తెర చేతులు: వాహనం నిలిచే ఇనుప పలక, దానిని మోసే చేతులు, పిన్నులు, రోలర్లు.
* ముందు చక్రం బిగింపు: వాహనం పక్కకు ఒరగకుండా చక్రాన్ని పట్టి ఉంచే భాగం.
* చమురు తొట్టి: పంపుకు కావలసిన చమురు ఉండే చోటు. దీని మూతకు గాలి ఆడే సన్నని రంధ్రం ఉంటుంది.
* పంపు: పెడలుతో నడిచే చిన్న పిస్టన్. కొన్నింటిలో విద్యుత్ మోటారు లేదా కంప్రెసరు గాలితో పంపు నడుస్తుంది.
* ఏకదిశా కవాటాలు: ఇవి రెండు. లోపలి కవాటం తొట్టి నుండి పంపులోనికి, బయటి కవాటం పంపు నుండి సిలిండరులోనికి చమురును వదులుతాయి. వెనుకకు పోనీయవు. చిన్న ఉక్కు బాలు దాని గుంటలో కూర్చొని ఈ పని చేస్తుంది.
* రిలీజు వాల్వు: దీనిని తెరిస్తే సిలిండరులోని చమురు తిరిగి తొట్టిలోనికి చేరి బల్ల దిగుతుంది.
* అధికభార కవాటం: పరిమితికి మించిన పీడనాన్ని తొట్టిలోనికి వదిలేస్తుంది. దీనిని తయారీదారు అమర్చిన స్థితి నుండి కదిలించరాదు.
* భద్రతా కడ్డీ: బల్ల లేచిన తరువాత దానిని ఇనుముతో ఆపి ఉంచే అడ్డు.

పరీక్షకు ముందు

లిఫ్టు క్రింద చేయి గాని, తల గాని పెట్టవలసి వస్తే బల్ల బరువు భద్రతా కడ్డీ మీద గాని, గట్టి దుంగల మీద గాని ఆనియుండాలి. చమురు ఎంత గట్టిగా నిలిపినట్లు కనిపించినా అది ఒక చిన్న రబ్బరు సీలు మీద ఆధారపడిన నిలుపుదల మాత్రమే. సీలు తెగితే హెచ్చరిక ఉండదు.

చమురు కారే చోటును వేలితో తడిమి వెదకరాదు. సూది మొన అంత రంధ్రం నుండి అధిక పీడనంతో వెలువడే చమురు చర్మంలోనికి చొచ్చుకొనిపోగలదు. పైకి చిన్న గాటులా కనిపించినా లోపలి కండరాలు చెడిపోతాయి. అటువంటి గాయమైతే నొప్పి లేకపోయినా వెంటనే శస్త్రచికిత్స సౌకర్యమున్న ఆసుపత్రికి వెళ్ళి, చమురు చొచ్చుకొనిపోయిందని స్పష్టంగా చెప్పాలి. కారే చోటును గుర్తించడానికి అట్టముక్కను అడ్డుగా పెట్టి చూడాలి.

లోపాలు, కారణాలు

పరీక్షను ఎల్లప్పుడూ ఖాళీ బల్లతో, ఖర్చులేని పనితో మొదలుపెట్టాలి. చమురు మట్టం, రిలీజు వాల్వు, గాలి, కవాటాలు, సీళ్లు అనే వరుసలో చూస్తే అనవసరంగా సిలిండరు విప్పే పని తప్పుతుంది.

బల్ల అసలు లేవకపోవడం

మొదట రిలీజు వాల్వు పూర్తిగా మూసుకున్నదో లేదో చూడాలి. దానికి కలిపిన తీగ లేదా కడ్డీ బిగుసుకొని ఉంటే, పైన పిడి మూసినట్లు కనిపించినా లోపల వాల్వు తెరచుకునే ఉంటుంది. తరువాత చమురు మట్టం చూడాలి. ఈ రెండూ సరిగా ఉండి, పెడలు ఏ అడ్డూ లేకుండా మెత్తగా దిగిపోతుంటే లోపలి కవాటం మూసుకోవడం లేదు, లేదా పంపులో గాలి ఉంది. పెడలు గట్టిగా ఉండి అసలు దిగకపోతే పిన్నులు, రోలర్లు తుప్పుతో బిగుసుకొని ఉండవచ్చు.

కొంత లేచి ఆగిపోవడం

చాలావరకు ఇది చమురు తక్కువ కావడం వలన కలుగుతుంది. తొట్టిలోని చమురంతా సిలిండరులోనికి చేరిన తరువాత పంపుకు అందేది గాలి మాత్రమే. చమురు పోసిన తరువాత కూడా ప్రతిసారీ ఒకే ఎత్తులో ఆగితే కత్తెర చేతులు వంగాయేమో చూడాలి.

తనంతట తానే దిగిపోవడం

ఇది అన్నిటికంటె ప్రమాదకరమైన లోపం. దీని మూలాన్ని ఈ విధంగా గుర్తించవచ్చు.
# రామ్ చుట్టూ చమురు తడి కనిపిస్తే రామ్ సీలు అరిగింది.
# బయట తడి లేకుండా, బల్ల దిగుతూ పెడలు తనంతట పైకి లేస్తుంటే బయటి కవాటం కారుతోంది.
# బయట తడి లేదు, పెడలు కూడా కదలడం లేదు, అయినా బల్ల దిగుతోంది అంటే రిలీజు వాల్వు సరిగా మూసుకోవడం లేదు.

కుదుపులతో లేవడం

పెడలు స్పాంజిని తొక్కినట్లుంటే చమురులో గాలి చేరింది. గాలి నొక్కుకుపోతుంది కాని చమురు దాదాపుగా నొక్కుకుపోదు. అందుచేత పెడలు తొక్కిన శ్రమ గాలిని నొక్కడానికే సరిపోతుంది.

బల్ల దిగకపోవడం

ముందుగా భద్రతా కడ్డీని చూడాలి. దాని మీద బరువు ఆనియుంటే బల్లను ఒకటి రెండు తొక్కులు పైకి లేపి కడ్డీని తప్పించాలి. తరువాత రిలీజు వాల్వు తీగ, తొట్టి మూత రంధ్రం, పిన్నుల తుప్పు చూడాలి. కొన్ని లిఫ్టులు ఖాళీగా ఉన్నప్పుడు బరువు చాలక నెమ్మదిగా దిగడం సహజం.

వాహనం పైన ఉండగా బల్ల ఇరుక్కుపోతే గొట్టం గాని, సిలిండరు మరలు గాని వదులు చేయరాదు. అలా చేస్తే బల్ల ఒక్కసారిగా పడిపోతుంది. కడ్డీని వేసి, బల్ల క్రింద దుంగలు పేర్చి, గట్టి పలకల మీదుగా ముగ్గురు నలుగురు సాయంతో వాహనాన్ని దించిన తరువాతనే మరమ్మత్తు మొదలుపెట్టాలి.

సరిచేయు విధానం

చమురు పోయుట: బల్లను పూర్తిగా దించిన తరువాతనే చమురు పోయాలి. లేచి ఉన్నప్పుడు నింపితే, దిగేటప్పుడు సిలిండరు నుండి వచ్చే చమురుకు తొట్టిలో చోటు లేక పొంగిపోతుంది. ఐ.ఎస్.ఓ. వి.జి. 32 లేదా 46 చిక్కదనం గల ఖనిజ హైడ్రాలిక్ చమురు సాధారణంగా సరిపోతుంది. లిఫ్టు మీద తయారీదారు వేరే చమురు సూచించి ఉంటే దానినే వాడాలి. వేసవిలో చమురు పలుచబడుతుంది కనుక, అరిగిన సీలు గల లిఫ్టు చలికాలంలో కంటె అప్పుడు త్వరగా దిగిపోతుంది. బ్రేకు ఆయిలు ఎట్టి పరిస్థితులలోను పోయరాదు. అది గ్లైకాల్ రకానికి చెందినది కావడం వలన ఖనిజ చమురుకు తగిన నైట్రైల్ రబ్బరు సీళ్లను పాడుచేస్తుంది.

గాలి తీయుట: రిలీజు వాల్వు తెరచి పెడలును పది పదిహేనుసార్లు వేగంగా తొక్కాలి. తరువాత వాల్వు మూసి, ఖాళీ బల్లను పూర్తిగా లేపి దించాలి. పెడలు గట్టిపడే వరకు మూడు నాలుగుసార్లు ఇలా చేసి, చివర మళ్ళీ చమురు మట్టం చూడాలి.

కవాటాలు శుభ్రపరచుట: బల్ల పూర్తిగా దిగి, సిలిండరులో పీడనం లేనప్పుడు మాత్రమే కవాటం విప్పాలి. స్ప్రింగు, బాలు ఏ వరుసలో వచ్చాయో అదే వరుసలో కాగితం మీద పెట్టుకోవాలి. కిరోసిన్‌తో కడిగి, పోగులు రాలని గుడ్డతో తుడవాలి. గుంట మీద సన్నని గీత ఉంటే పాత బాలును దానిలో ఉంచి ఇత్తడి కడ్డీతో ఒక్కసారి మెల్లగా తట్టాలి. గుంట మరల సమంగా అమరుతుంది. ఆపై పాత బాలు తీసివేసి అదే కొలత గల కొత్తది వేయాలి.

సీలు మార్చుట: పాత సీలును దుకాణానికి తీసుకొని వెళ్ళి లోపలి వ్యాసం, బయటి వ్యాసం, మందం సరిచూసి కొనాలి. డెల్టాలో ట్రాక్టర్లు, వరికోత యంత్రాలు, చేపల చెరువులు త్రవ్వే ప్రొక్లెయిన్లు విరివిగా తిరుగుతాయి కనుక హైడ్రాలిక్ సీళ్లు ఇక్కడ అరుదైన వస్తువు కాదు. సీలు పెదవి చమురు పీడనం వచ్చే వైపుకు ఉండాలి. తిరగవేస్తే కొత్త సీలు కూడా కారుతుంది. ఎక్కించే ముందు సీలును చమురులో తడపాలి.

తేమ, ఉప్పుగాలి, వరద

రామ్ మీద గట్టి క్రోమియం పూత ఉంటుంది. అంతర్వేది, నరసాపురం, ఉప్పాడ వంటి తీరప్రాంతాలలో ఉప్పుగాలి వలన ఆ పూత మీద సన్నని తుప్పు గుంటలు ఏర్పడవచ్చు. అటువంటి రామ్ కొత్త సీలును కూడా కోసివేస్తుంది. గరుకు కాగితంతో రుద్దితే ఉన్న పూత కూడా పోతుంది. గుంటలు లోతుగా ఉంటే రామ్‌కు మరల క్రోమియం పూత వేయించాలి, లేదా మార్చాలి. పని లేనప్పుడు బల్లను దించి ఉంచితే రామ్ సిలిండరు లోపల చమురులో భద్రంగా ఉంటుంది.

గోదావరి వరదలు ఈ ప్రాంతానికి కొత్త కాదు. ధవళేశ్వరం వద్ద 1986 ఆగస్టులో సుమారు 35 లక్షల క్యూసెక్కులు, 2022 జూలైలో 25 లక్షల క్యూసెక్కులకు పైగా ప్రవాహం నమోదైంది. వరదనీటిలో మునిగిన లిఫ్టును ఆరబెట్టి వెంటనే వాడరాదు. మూత రంధ్రం గుండా నీరు, ఒండ్రు లోపలికి చేరి ఉంటాయి. నీరు కలిసిన చమురు పాలవలె తెల్లగా కనిపిస్తుంది. కొంచెం చమురును గాజు సీసాలో పోసి రాత్రంతా కదపకుండా ఉంచితే, విడిగా ఉన్న నీరు అడుగుకు చేరుతుంది. అటువంటప్పుడు చమురంతా తీసివేసి, తొట్టిని తుడిచి, కొద్దిపాటి కొత్త చమురుతో ఒకసారి ఆడించి దానిని కూడా పారబోసి, ఆపై నింపాలి. ఒండ్రు మిగిలితే కవాటాలు, సీళ్లు త్వరలోనే పాడవుతాయి. విద్యుత్ మోటారు గల లిఫ్టును ఎలక్ట్రీషియను పరీక్షించే వరకు కరెంటుకు కలపరాదు. తీసిన చమురును పంటకాలువలో గాని, చెరువులో గాని కలపరాదు.

మరమ్మత్తు తరువాత పరీక్ష

మొదట ఖాళీ బల్లను రెండు మూడుసార్లు లేపి దించాలి. తరువాత వాహనానికి బదులు 75 కిలోల ధాన్యం బస్తాలు రెండింటిని బల్ల మధ్యన ఉంచి లేపాలి. ఎవరూ దగ్గర లేకుండా చూసి, బల్ల అంచు ఎత్తును గోడ మీద సుద్దతో గుర్తించాలి. అరగంట తరువాత గుర్తు నుండి కదలకుంటే, మరింత బరువైన వాహనానికి అదనపు బస్తాలతో అదే పరీక్ష చేయాలి. కంటికి కనిపించేటంతగా దిగితే లోపం ఇంకా ఉన్నట్లే.

ఇంటివద్ద చేయకూడని పనులు

వంగిన కత్తెర చేతిని నిటారు చేయడం, పగిలిన అతుకును ఇంట్లో వెల్డింగు చేయడం, పగిలిన సిలిండరును అతికించడం, అధికభార కవాటాన్ని బిగించి సామర్థ్యం పెంచాలనుకోవడం చేయరాదు. ఇటువంటి లోపాలున్న లిఫ్టును అనుభవం గల హైడ్రాలిక్ మెకానిక్‌కు చూపించాలి. మరమ్మత్తు సాధ్యం కానిదైతే వాడకం మానివేయాలి.

ఇవి కూడా చూడండి

* పాస్కల్ నియమం
* జాకీ
* పోలవరం ప్రాజెక్టు
* ధవళేశ్వరం ఆనకట్ట