వరి మడిలో కలిసిన విశ్వవిద్యాలయాలు

తొర్రూరులో విశ్వవిద్యాలయం లేదు. వరంగల్ నుంచి ఖమ్మం వెళ్లే పెద్ద రోడ్డు మీద, 2016 దాకా వరంగల్ జిల్లాలో ఉండి ఆ తర్వాత మహబూబాబాద్ జిల్లాలో చేరిన ఊరది. చుట్టుపక్కల పల్లెల్లో వానాకాలం, యాసంగి అని తేడా లేకుండా నీళ్లున్న చోటల్లా వరి వేస్తారు. ఆ వరి పుట్టుక వెతుక్కుంటూ పోతే దారి బాపట్లకు, కటక్‌కు, తైవాన్‌కు, మలేషియాకు, ఫిలిప్పీన్స్‌కు, అమెరికాకు చీలిపోతుంది. దేశదేశాల విశ్వవిద్యాలయాలు, పరిశోధన కేంద్రాలు ఒకరి పనిని ఒకరు అందుకుంటూ వచ్చిన చరిత్ర ఒప్పంద పత్రాలలో కంటే ఇలాంటి మడిలో స్పష్టంగా కనిపిస్తుంది.

తెలంగాణలో ఈ ఇచ్చిపుచ్చుకోవడం వ్యవసాయంతో మొదలు కాలేదు, ఆకాశంతో మొదలైంది. 1887లో పారిస్‌లో సమావేశమైన ఖగోళవేత్తలు ఆకాశాన్నంతా ముక్కలుగా పంచుకుని ఫొటోలు తీయాలనుకున్నారు. నవాబ్ జఫర్ జంగ్ 1901లో హైదరాబాద్‌లో నెలకొల్పిన నిజామియా వేధశాలకు ఆ పంపకంలో దక్షిణ ఆకాశంలోని 17 నుంచి 23 డిగ్రీల భాగం వచ్చింది. అంతకుముందు చిలీలోని శాంటియాగో వేధశాలకు కేటాయించిన భాగమది. 1919లో ఈ వేధశాల ఉస్మానియా విశ్వవిద్యాలయం కిందికి చేరింది. 1917 నుంచి 1946 వరకు 12 సంపుటాలు అచ్చయ్యాయి. ఏడు లక్షలకు పైగా నక్షత్రాల స్థానాలను కొలిచి నమోదు చేశారు. ఎంతో ఓపికతో, నిజాయితీతో జరిగిన పని అది. అయితే ప్రశ్న మాత్రం పారిస్‌ది. హైదరాబాద్ తన వంతు పూర్తి చేసి పంపింది.

వ్యవసాయంలో కథ మరోలా నడిచింది. సర్వేపల్లి రాధాకృష్ణన్ అధ్యక్షతన ఏర్పడిన విశ్వవిద్యాలయ విద్యా కమిషన్ 1949లోనే గ్రామీణ విశ్వవిద్యాలయాలు కావాలని సూచించింది. తర్వాతి దశకంలో అమెరికా సాంకేతిక సహాయం కింద అక్కడి విశ్వవిద్యాలయాలు కొన్ని భారతదేశంలోని ఒక్కో ప్రాంతాన్ని పంచుకున్నాయి. తెలుగు నేల కాన్సస్ స్టేట్ విశ్వవిద్యాలయం వంతుకు వచ్చింది. 1862 నాటి చట్టంతో అమెరికా రాష్ట్రాలకు భూములిచ్చి పెట్టించిన రైతు విశ్వవిద్యాలయాలలో అది తొలినాటిది. అక్కడి బృందం 1956 నుంచి ఇక్కడి వ్యవసాయ, పశువైద్య, గృహవిజ్ఞాన కళాశాలలతో కలిసి పనిచేసింది. ఇక్కడి అధ్యాపకులు కాన్సస్‌కు వెళ్లి చదువుకుని వచ్చారు. 1964 జూన్ 12న రాజేంద్రనగర్ కేంద్రంగా ఆంధ్రప్రదేశ్ వ్యవసాయ విశ్వవిద్యాలయం ఏర్పడింది.

కాన్సస్ గోధుమ నేల, మనది వరి నేల. కాబట్టి ఆ అధ్యాపకులు మన రైతుకు వరి సాగు నేర్పలేరు. వాళ్లు తెచ్చింది ఒక పద్ధతి. అప్పటిదాకా కళాశాల పాఠం చెప్పేది, ప్రభుత్వ వ్యవసాయ శాఖ పరిశోధన చేసేది, రైతు దగ్గరికి వెళ్లే పని ఇంకొకరిది. ఈ మూడింటినీ ఒకే గొడుగు కిందికి తేవడం, ఏడాది చివర ఒక్క పెద్ద పరీక్షకు బదులు పాఠం చెప్పిన అధ్యాపకుడే ఎప్పటికప్పుడు మార్కులు వేయడం, చేలోని సమస్య తరగతి గదికి, తరగతిలోని సమాధానం చేలోకి రావడం కొత్త మార్పులు. పైకి చిన్నవిగా కనిపించినా ఇవే మిగతా వాటికి పునాది వేశాయి.

వరంగల్‌లోని వ్యవసాయ పరిశోధన కేంద్రం ఈ అల్లికలో ముఖ్యమైన ముడి. ఈ ప్రాంతంలో వరికి బద్ధశత్రువు ఉల్లికోడు. దోమంత ఈగ పెట్టిన గుడ్డు నుంచి వచ్చే పురుగు పిలకలో చేరితే ఆ పిలక ఉల్లికాడలాంటి గొట్టంగా మారుతుంది, ఇక ఎన్ను వేయదు. మందు చల్లి ఆపడం కష్టం. ఈశ్వరకోర అనే పాత నాటు వరికి దీన్ని తట్టుకునే గుణం ఉందని గుర్తించి, ఎంటీయూ 15 అనే రకంతో సంకరం చేసి వరంగల్ శాస్త్రవేత్తలు డబ్ల్యూ 1263 అనే వంగడాన్ని రూపొందించారు. ఇది రైతుల నోళ్లలో పెద్దగా నానిన పేరు కాదు. కానీ ఉల్లికోడు మీద ప్రపంచంలో ఎక్కడ పరిశోధన జరిగినా ఈ పేరు చదవక తప్పదు. దీనిలోని నిరోధక జన్యువుకు శాస్త్రవేత్తలు జీఎం 1 అని పేరు పెట్టారు. ఫిలిప్పీన్స్‌లోని అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థ పొట్టి వరి ఐఆర్ 8ను ఇస్తే, వరంగల్ దాన్ని డబ్ల్యూ 1263తో కలిపి కాకతీయ రకాన్ని తీసింది. అదే ఐఆర్ 8ను సయాం 29 అనే రకంతో కలిపితే సురేఖ, ఫల్గుణ వచ్చాయి. పారిస్ ఆకాశం పంచినప్పుడు మన వంతు కొలత మాత్రమే. ఇక్కడ ప్రశ్న మన చేలోంచి పుట్టింది, సమాధానంలో సగం మన నాటు విత్తనంలో దొరికింది, మిగతా సగం బయటి నుంచి తెచ్చుకున్నాం. కలిసి చేసే పరిశోధనకు ఇంతకంటే మంచి రూపం ఉండదు.

ఇలాంటి రాకపోకలకు 1965లో రాజేంద్రనగర్‌లో మొదలైన అఖిల భారత సమన్వయ వరి పథకం దారి వేసింది. ఎస్.వి.ఎస్. శాస్త్రి నాయకత్వంలో, రాక్‌ఫెల్లర్ ఫౌండేషన్ తరఫున వచ్చిన వేన్ ఫ్రీమన్ తోడుగా, ఒకే వంగడాన్ని దేశంలోని చాలా చోట్ల ఒకేసారి పరీక్షించే ఏర్పాటు జరిగింది. 1972లో పటాన్‌చెరులో మెట్ట పంటల అంతర్జాతీయ పరిశోధన సంస్థ ఇక్రిశాట్ వచ్చాక జొన్న, కంది, శనగ, వేరుశనగల మీద పనిచేసే విదేశీ విద్యార్థులు, శాస్త్రవేత్తలు హైదరాబాద్ పొరుగువాళ్లయ్యారు.

ఇక అందరికీ తెలిసిన బీపీటీ సంగతి. బీపీటీ 5204, అంటే సాంబ మసూరి, 1986లో బాపట్ల నుంచి విడుదలైంది. దాని తల్లిదండ్రులలో కోయంబత్తూరు నుంచి వచ్చిన జీఈబీ 24, తైవాన్ నుంచి వచ్చిన తైచుంగ్ నేటివ్ 1, ఇంకా మసూరి ఉన్నాయి. ఆ మసూరి కూడా ఒక అంతర్జాతీయ పథకం బిడ్డే. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత తిండి కరువు తీర్చడానికి ఐక్యరాజ్య సమితి ఆహార, వ్యవసాయ సంస్థ జపాన్ తరహా వరిని మన తరహా వరితో కలిపే పథకం చేపట్టింది. కటక్‌లోని కేంద్ర వరి పరిశోధన సంస్థ ఆ సంకరాలు చేసి ఆసియా దేశాలకు విత్తనం పంచింది. తైచుంగ్ 65, మాయాంగ్ ఎబోస్ 80 రకాలు కలిసిన విత్తనం మలేషియాలో మసూరిగా స్థిరపడి, తిరిగి ఇండియాకు వచ్చి, బాపట్లలో సాంబ మసూరికి జన్మనిచ్చింది. ఇంట్లో సన్న బియ్యం అన్నం వండుకున్నప్పుడల్లా ఈ చరిత్ర పళ్లెంలోకి వస్తుంది.

సాంబ మసూరికి రుచి ఉంది కానీ బ్యాక్టీరియా ఎండాకు తెగులును తట్టుకునే బలం లేదు. ఆ బలం ఆఫ్రికాలోని మాలి దేశపు అడవి వరిలో ఉంది. ఆ అడవి వరిని కటక్‌లో పరీక్షించి గుర్తించారు. గురుదేవ్ సింగ్ ఖుష్ బృందం ఫిలిప్పీన్స్‌లో దాని గుణాన్ని సాగు వరిలోకి తెచ్చింది. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం డేవిస్ ప్రాంగణంలో పమేలా రోనాల్డ్ బృందం 1995లో ఎక్స్‌ఏ 21 అనే ఆ జన్యువును వేరుచేసి చూపింది. లూధియానాలోని పంజాబ్ వ్యవసాయ విశ్వవిద్యాలయం దాన్ని మరో రెండు నిరోధక జన్యువులతో కలిపిన వంగడాన్ని ఇచ్చింది. హైదరాబాద్‌లోని జీవశాస్త్ర పరిశోధన సంస్థ సీసీఎంబీ, రాజేంద్రనగర్ వరి పరిశోధన సంస్థ దాన్ని సాంబ మసూరితో పదేపదే సంకరం చేసి, ప్రతి తరంలోనూ జన్యువుల గుర్తులు చూసి మొక్కలను ఎంపిక చేసుకుంటూ, 2008లో మెరుగైన సాంబ మసూరిని రైతుకు అందించాయి. గింజ సన్నదనం, అన్నం రుచి చెడలేదు.

ఈ గొలుసులో ఒక లంకె సరిగా కుదరలేదు. జన్యువు మాలిది, పేటెంటు కాలిఫోర్నియాది. ఇది న్యాయం కాదని డేవిస్‌లోనే గుర్తించారు. లాభాల్లో వాటాతో మాలి వంటి దేశాల విద్యార్థులకు చదువు చెప్పించాలని 1996లో ఒక నిధి పెట్టారు. జన్యువుపై ఆసక్తి చూపిన కంపెనీలు దాన్ని మార్కెట్‌కు తేకపోవడంతో ఆ నిధిలోకి డబ్బు రాలేదు. విత్తనం ఇచ్చిన ఊరికి ఏం దక్కాలన్న ఈ ప్రశ్న ఈశ్వరకోర పండించిన మన పల్లెలకూ వర్తిస్తుంది. విశ్వవిద్యాలయాలు ఒప్పందాలు రాసుకునేటప్పుడు దీన్ని చివరి పేరాలో కాదు, మొదటి పేరాలోనే రాయాలి.

ఇప్పుడు ఒప్పందాల రూపం మారుతోంది. 2015లో కేంద్రం తెచ్చిన జ్ఞాన్ పథకం కింద విదేశీ అధ్యాపకులు వచ్చి కొద్ది రోజుల పాటు పాఠాలు చెప్పే ఏర్పాటు జరిగింది. 2022 యూజీసీ నిబంధనలు విదేశీ విశ్వవిద్యాలయాలతో ఉమ్మడి పట్టాలకు, రెండు పట్టాలకు తలుపు తెరిచాయి. విద్యార్థికి ఇవి మేలే. కానీ వీటిలో ఎక్కువ చర్చ ఎన్ని క్రెడిట్లు అక్కడ, ఎన్ని ఇక్కడ అన్న లెక్క చుట్టూ తిరుగుతుంది. ఏ ప్రశ్న మీద కలిసి పనిచేయాలన్నది వెనకబడుతుంది. మరోవైపు, ఒకప్పుడు కాన్సస్ బృందాన్ని ఇక్కడికి పంపిన అమెరికా సహాయ వ్యవస్థకు వారసురాలైన యూఎస్ఎయిడ్ 2025లో మూతపడింది. బయటి డబ్బు మీదే నిలిచే సహకారం ఎంత అస్థిరమో అది చెప్పింది.

సహాయాలు వచ్చినా పోయినా ఉల్లికోడు మాత్రం ఊరుకోలేదు. జీఎం 1 జన్యువును తట్టుకునే రూపాలు పుట్టుకొచ్చాయి. వరంగల్ ప్రాంతపు పురుగుకు శాస్త్రవేత్తలు 4ఎం అని ప్రత్యేకంగా గుర్తింపు ఇచ్చారు. ఏ చోట ఏ రూపం పురుగు ఉందో, ఏ జన్యువు ఇంకా పనిచేస్తుందో తెలుసుకోవడానికి సమన్వయ వరి పథకం ఏటా వేర్వేరు కేంద్రాలలో ఒకే వంగడాల వరుసను నాటించి పరీక్షిస్తుంది. అందులో డబ్ల్యూ 1263 ఇప్పటికీ ఒక సాలు. వరంగల్ మడిలో ఎన్ని పిలకలు గొట్టాలయ్యాయో లెక్కపెట్టిన అంకెలు రాజేంద్రనగర్‌కు, అక్కడి నుంచి ఈ పురుగు ఉన్న మిగతా దేశాల శాస్త్రవేత్తల పత్రాలలోకి వెళ్తాయి. వ్యవసాయ పట్టా చివరి ఏట పల్లెల్లో ఉండి రైతులతో పనిచేసే విద్యార్థులు తొర్రూరు చుట్టుపక్కల మళ్ల లెక్కలను కూడా ఆ అంకెల పక్కన చేర్చితే, పురుగు మారుతున్న తీరు ఇంకా ముందే తెలుస్తుంది.