అమెరికా పౌరసత్వమున వర్ణభేదము – భారతీయుల అనుభవము

అమెరికా సంయుక్త రాష్ట్రములు వలసదారులచే నిర్మింపబడిన దేశమని వ్రాయుట పరిపాటి. అది సత్యమే యైనను సంపూర్ణ సత్యము కాదు. వచ్చినవారిలో పౌరులు కాదగినవారెవరు అను ప్రశ్నకు ఆ దేశపు శాసనములు 160 సంవత్సరములకు పైగా శరీరవర్ణమును బట్టియే సమాధానము చెప్పినవి. 1790 నాటి పౌరసత్వ చట్టము ఆ హక్కును స్వతంత్రులైన శ్వేతజాతీయులకు మాత్రమే పరిమితము చేసెను. అంతర్యుద్ధానంతరము 1870లో ఆఫ్రికా సంతతివారికి అది విస్తరింపబడెను గాని, ఆసియావాసులు వెలుపలనే నిలిచిరి.

ఈ నిషేధపు బరువు మొదట చీనావారిపై పడెను. 1869లో పూర్తియైన ఖండాంతర రైలుమార్గమునకై కాలిఫోర్నియా కొండలను తొలిచినవారిలో అధిక సంఖ్యాకులు వారే. పని ముగిసి, ఆర్థికమాంద్యము ఏర్పడగా, తెల్ల కార్మికుల వేతనములు తగ్గుటకు వీరే కారణమను ప్రచారము ప్రబలెను. 1882లో చీనా శ్రామికుల ప్రవేశమును నిషేధించు చట్టము వెలువడెను. అది 1943 వరకు రద్దు కాలేదు.

భారతీయులు, అందును విశేషముగా పంజాబు రైతులు, ఇరువదవ శతాబ్ద్యారంభమున పసిఫిక్ తీరమునకు చేరిరి. కలపమిల్లులలోను, రైలుమార్గములపైనను, పొలములలోను వారు పనిచేసిరి. సిక్కులైనను, మహమ్మదీయులైనను అక్కడివారు వారినందరను ‘హిందువు’లనియే వ్యవహరించిరి. 1907 సెప్టెంబరు 4వ తేదీ రాత్రి వాషింగ్టన్ రాష్ట్రములోని బెల్లింగ్‌హాం పట్టణమున కొన్ని వందల మంది శ్వేతజాతీయులు గుంపుగూడి, భారతీయ కార్మికులను బసలనుండి ఈడ్చివేసి, కొట్టి తరిమిరి. కొలది దినములలోనే భారతీయులందరును ఆ పట్టణమును విడిచిపోయిరి. దౌర్జన్యము చేసినవారిలో శిక్షింపబడినవాడొక్కడును లేడు. వీథిలో గుంపు చేసిన పనిని పదేండ్ల పిమ్మట శాసనసభ చేసెను. అధ్యక్షుడు విల్సన్ నిరాకరించినను 1917లో కాంగ్రెసు ఆమోదించిన చట్టము, భారతదేశముతో కూడిన ఆసియా ఖండభాగమునంతను నిషిద్ధ మండలముగా ప్రకటించెను.

అప్పటికే అక్కడ నివసించుచున్నవారి సంగతి భగత్ సింగ్ థింద్ వ్యాజ్యమున తేలెను. 1913లో అమెరికా చేరిన థింద్, ప్రథమ ప్రపంచయుద్ధ కాలమున ఆ దేశపు సైన్యమున పనిచేసి గౌరవముతో విడుదల పొందెను. 1922 నవంబరులో టకావో ఒజావా అను జపానీయుని వ్యాజ్యమున సుప్రీంకోర్టు, శ్వేతజాతీయుడనగా కాకసస్ జాతివాడని నిర్వచించి ఆతని కోరికను త్రోసిపుచ్చెను. ఆ నిర్వచనమునే ఆధారముగా గొని, జాతిశాస్త్రజ్ఞుల మతానుసారము ఉత్తర భారతీయులు ఆ జాతివారేయని థింద్ పక్షము వాదించెను. 1923 ఫిబ్రవరి 19న అదే న్యాయమూర్తి సదర్లాండ్, శాస్త్రజ్ఞుల మాట కాదు, సామాన్యుని వాడుకయే ప్రమాణమని తీర్పు వ్రాసెను. మూడు మాసములలో ప్రమాణము తలక్రిందులైనను ఫలితము మాత్రము మారలేదు.

ఈ వ్యాజ్యమున గమనింపదగిన అంశము మరియొకటి కలదు. థింద్ పక్షము వర్ణభేదము అన్యాయమని వాదింపలేదు. తాను అగ్రకులజుడననియు, శుద్ధమైన ఆర్యరక్తము కలవాడననియు చెప్పి, గోడకు లోపలి పక్షమున చోటు కోరెను. ఒక దేశపు కులాభిమానము మరియొక దేశపు వర్ణాభిమానమును శరణు వేడెను. ఆ శరణు లభింపలేదు.

ఈ తీర్పుతో అదివరకే పౌరులైన భారతీయుల హక్కులకును ముప్పు కలిగెను. కాలిఫోర్నియాలో పౌరసత్వార్హత లేనివారు భూమి కొనరాదని 1913 నుండియే చట్టముండుటచే, పౌరసత్వముతో పాటు భూస్వామ్యమును పోవుచుండెను. 1921లో పౌరుడైన శాన్‌ఫ్రాన్సిస్కో వర్తకుడు వైష్ణోదాస్ బాగాయ్, ఆ హక్కును కోల్పోయి, 1928లో ఆత్మహత్య చేసికొనెను.

తీర్పు వెలువడిన 1923వ సంవత్సరముననే భీమవరమున జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు బోస్టన్ నగరమున దిగెను. రంగూనులో ధనమార్జించిన మల్లాడి సత్యలింగ నాయకర్ పేర కాకినాడలో వెలసిన ధర్మసంస్థ ఆయన ప్రయాణమునకు సహాయము వాగ్దానము చేసెను. 1917 చట్టము విద్యార్థులను మినహాయించుటచే ఆయనకు ప్రవేశము లభించెను. హార్వర్డులో భాస్వరమును కొలుచు పద్ధతిని ఫిస్కేతో కలిసి రూపొందించి, తరువాత లెడర్లీ ప్రయోగశాలలో ఫోలిక్ ఆమ్లము, బోదవ్యాధికి వాడు హెట్రాజాన్, ఆరియోమైసిన్ మున్నగువాని పరిశోధనలకు నాయకత్వము వహించిన ఆ మహనీయుడు, 1948లో పరమపదించునంతవరకు ఆ దేశమున విదేశీయుడుగానే యుండెను.

నిషేధము సడలుటకు యుద్ధము కారణమాయెను. ఆసియాలో మైత్రి కోరు ప్రభుత్వము ఆసియావాసులను అనర్హులనుట అసంగతమయ్యెను. 1946 జులై 2న అధ్యక్షుడు ట్రూమన్ సంతకము చేసిన లూస్–సెల్లర్ చట్టము భారతీయులకు పౌరసత్వార్హత నొసగెను. అయినను ఏటా అనుమతింపబడిన భారతీయ వలసదారుల సంఖ్య 100 మాత్రమే. 1949లో పౌరుడైన దలీప్ సింగ్ సౌంద్ 1956లో కాంగ్రెసుకు ఎన్నికయ్యెను. 1952లో పౌరసత్వమునకు వర్ణనిబంధన పూర్తిగా తొలగెను. 1965 నాటి చట్టము జాతీయమూలములను బట్టి సంఖ్యలను నిర్ణయించు పద్ధతిని రద్దుచేసెను.

తెలుగు వైద్యులు, ఇంజనీర్లు పెద్దసంఖ్యలో అమెరికా చేరుటకు మార్గము తెరచినది ఈ 1965 చట్టమే. అది 1964 నాటి పౌరహక్కుల చట్టమునకు మరుసటి యేట వచ్చుట యాదృచ్ఛికము కాదు. నల్లజాతివారు చెరసాలలకును లాఠీలకును ఓర్చి వర్ణభేదమును శాసనసభలో తలవంచునట్లు చేసిన పోరాటపు ఫలమున, తరువాత వచ్చిన వలసదారులకును భాగము లభించెను. థింద్ కోరినది గోడలో ఒక ద్వారము. ఆ గోడను పడగొట్టుటకు పాటుపడినవారు వేరు. విదేశమున స్థిరపడిన తెలుగువారి చరిత్రను వ్రాయువారు ఈ ఋణమును విస్మరింపరాదు.