ఇంజను మొహం తిప్పే వంతెన

చిలమత్తూరు వాళ్లకు రైలంటే హిందూపురమే. ఊరికి పట్టాలు లేవు, బస్సెక్కి హిందూపురం చేరాలి. అక్కడికి ఆ పట్టాలు రావడం వెనక ఒక కరువుంది. 1876–78 నాటి ధాత కరువులో ఈ సీమ ఊడ్చిపెట్టుకుపోయింది. గింజలు వేగంగా చేరవేసే దారి ఉండాలని దొరతనానికి అప్పుడు గట్టిగా తెలిసివచ్చింది. 1882లో ఏర్పడిన సదరన్ మరాఠా రైల్వే కంపెనీ గుంతకల్లు నుంచి దక్షిణంగా మైసూరు సరిహద్దు వైపు మీటర్ గేజి లైను వేసింది. 1890ల మొదట్లోనే హిందూపురానికి రైలొచ్చింది. 1980లలో బ్రాడ్‌గేజిగా మార్చేదాకా అదే లైను.

ఆ దారిన నడిచిన ఆవిరి ఇంజన్లకు మొహం ఒకవైపే. బొగ్గు, నీళ్లు మోసే టెండరు వెనకాల ఉంటుంది. వెనక్కి నడపొచ్చు గానీ టెండరు అడ్డుపడి డ్రైవరుకు దారి సరిగా కనబడదు, బొగ్గుధూళి కళ్లలో పడుతుంది, వేగం తగ్గించుకోవాలి. అందుకే ప్రయాణం ముగిసిన చోట ఇంజనును తిప్పాలి. నేల దండిగా ఉంటే త్రికోణంగా పట్టాలు వేసి తిప్పేవారు. లేనిచోట టర్న్‌టేబుల్ కట్టేవారు. గుండ్రటి గుంత, దాని నడుమ ఇరుసు, ఇరుసు మీద తిరిగే పట్టాల వంతెన: నిర్మాణం ఇంతే.

ఇంగ్లండులోని డెర్బీలో 1839 నాటికే టర్న్‌టేబుల్ చుట్టూ షెడ్డు కట్టారు. అలాంటి షెడ్డే అయిన లండన్ కామ్‌డెన్ రౌండ్‌హౌస్ 1847 నాటిది. కార్లైల్‌లోని కౌవన్స్ షెల్డన్, ఇప్స్‌విచ్‌లోని రాన్సమ్స్ అండ్ రేపియర్ కంపెనీలు టర్న్‌టేబుళ్ల తయారీలో పేరు తెచ్చుకున్నాయి. నాకు వీటన్నిటికన్నా గొప్పగా తోచేది చేత్తో తిప్పే టర్న్‌టేబులే. ఇంజను బరువు సరిగ్గా ఇరుసు మీద పడేలా డ్రైవరు దాన్ని అంగుళం అంగుళంగా ముందుకూ వెనక్కూ జరిపి నిలపాలి. తూకం కుదిరితే పదుల టన్నుల ఇంజను ఇసుర్రాయిలా కొద్దిమంది ఖలాసీల తోపుకే తిరుగుతుంది. కుదరకపోతే ఎంతమంది తోసినా కదలదు. తర్వాత బ్రిటన్‌లో మరో ఉపాయం వచ్చింది. ఇంజనుకున్న వాక్యూమ్ బ్రేకు గొట్టాన్ని టర్న్‌టేబుల్ మోటారుకు తగిలిస్తే, ఇంజను తన శక్తితో తనే తిరిగేది.

బొమ్మరైళ్లకూ ఈ వంతెన తొందరగానే వచ్చింది. జర్మనీలో మార్క్‌లిన్ కంపెనీ 1891లో లైప్‌జిగ్ సంతలో, కొలతలు ఖరారు చేసిన పట్టాలతో బొమ్మరైళ్లను చూపింది. లివర్‌పూల్‌లో ఫ్రాంక్ హార్న్‌బీ మెకానో కంపెనీ నుంచి 1920లో హార్న్‌బీ రైళ్లు వచ్చాయి. వాటి తగరపు రేకు టర్న్‌టేబుల్‌ను పిల్లలు చేత్తో తిప్పేవారు. కీ ఇచ్చి నడిపే ఇంజనుకు అది చాలు. కరెంటు ఇంజన్లు వచ్చాకే చిక్కు మొదలైంది. తిరిగే వంతెన మీది పట్టాలకు కరెంటు ఎలా అందించాలి?

1938 నాటి హార్న్‌బీ డబ్లో కరెంటు బొమ్మరైళ్లకు 12 వోల్టుల డీసీ, మూడు పట్టాలు. బయటి రెండు పట్టాలూ ఒకే ధ్రువం, నడిమిది రెండోది. వంతెనను సగం చుట్టు తిప్పినా కుడి ఎడమల తేడా రాదు. మార్క్‌లిన్‌దీ ఇలాంటి ఏర్పాటే, కాకపోతే ఏసీ మీద నడుస్తుంది. రెండు పట్టాల పద్ధతిలో మాత్రం ఒకటి ప్లస్, ఇంకొకటి మైనస్. వంతెన అటుదిటు తిరిగిందంటే ప్లస్ వెళ్లి మైనస్‌కు ఎదురవుతుంది. ఇంజను రెండు వైపులనూ కలిపిన క్షణాన షార్ట్ సర్క్యూట్. దీనికి దొరికిన జవాబు చక్కనిది. ఇరుసు దగ్గరి ఇత్తడి వలయాన్ని రెండు ముక్కలు చేసి, వంతెన అడుగున బ్రష్షులు పెట్టారు. బ్రష్షు కోత దాటగానే ధ్రువం దానంతటదే మారిపోతుంది. కోత మాత్రం ఏ పట్టాకూ ఎదురుకాని చోట ఉండాలి. పాతదాన్ని విప్పి మళ్లీ బిగించేటప్పుడు ఈ సంగతి మరిస్తే ఎంత మంచి మోటారు వేసినా ఫలితం ఉండదు.

పాత బొమ్మ టర్న్‌టేబుల్ మొరాయించగానే చాలామంది వోల్టేజి పెంచుతారు. అది చెడ్డ అలవాటు. ఎక్కువసార్లు లోపం శక్తిలో ఉండదు, రాపిడిలో ఉంటుంది. ఏళ్లనాటి గ్రీజు మైనంలా గట్టిపడి ఉంటుంది, మన మెట్ట ఎండలకూ ఎర్రదుమ్ముకూ మరీను. మోటారు విడదీసి వంతెనను వేలితో తిప్పి చూడాలి. బిగుసుకుంటే పాత గ్రీజంతా తీసి పల్చటి నూనె ఒక చుక్క వేయాలి. వలయాన్ని ఐసోప్రొపైల్ ఆల్కహాల్ తడిపిన దూదితో తుడవాలి. గరుకు కాగితం వాడితే గీతలు పడి వాటిలో మళ్లీ మురికి చేరుతుంది. స్ప్రింగు బిగువు పోయిన బ్రష్షులను కొద్దిగా వంచి సరిచేయొచ్చు. ఇరుసు దగ్గర చీలిన ప్లాస్టిక్ పళ్లచక్రాన్ని మార్చేయడమే మేలు. సీసం కలిసిన జింకు పోత ఉబ్బి బీటలిస్తే దానికి మందు లేదు, ఆ భాగం కొత్తది చేయించుకోవాల్సిందే.

పాత ట్రాన్స్‌ఫార్మర్ల విషయంలో నాది మొండిమాటే: వాడొద్దు. వాటి రబ్బరు తొడుగు పెళుసై ఊడిపోతుంది. అమెరికావి 110–120 వోల్టులకు చేసినవి, మన 230 వోల్టులకు తగిలిస్తే కాలిపోతాయి. డీసీ బొమ్మకు మంచి కంపెనీ 12 వోల్టుల అడాప్టరు, దానితోపాటు ఒక ఫ్యూజు చాలు. ఏసీ మార్క్‌లిన్‌కు మాత్రం దానికి తగిన ఏసీ సరఫరానే ఇవ్వాలి.

హిందూపురం నాటి మీటర్ గేజి సన్నివేశాన్ని 87వ వంతు కొలతలో కట్టుకోవాలనుకునేవారికి 12 మిల్లీమీటర్ల పట్టా సరిపోతుంది. టెండరుతో కలిపి వైపీ రకం మీటర్ గేజి ఆవిరి ఇంజను పొడవు సుమారు 19 మీటర్లు కాబట్టి బొమ్మ వంతెన 22 సెంటీమీటర్లకు తగ్గకూడదు. హిందూపురం లైను మీద ఇప్పుడు తిరిగేవి రెండు వైపులా క్యాబిన్ ఉన్న కరెంటు ఇంజన్లు, వాటికి మొహం తిప్పే పనే లేదు. దేశంలో ఆవిరి ఇంజన్ల తయారీ 1972లోనే ఆగిపోయింది. మీ ఇంటి అటకమీద పాత బొమ్మ టర్న్‌టేబుల్ ఉంటే తుక్కు కింద అమ్మకండి. విరిగిన ముక్కలతో సహా దాచండి, కొత్త భాగం చేసే మనిషికి అవే కొలతలు ఇస్తాయి.