సంస్థాగత నిర్మాణ కొలమానాలు: సప్రమాణత, విశ్వసనీయతల పరీక్ష

ఒక ఫ్యాక్టరీలోనో ఆఫీసులోనో అధికారం ఎవరి చేతిలో ఎంత ఉంది, పనిని ఎన్ని పాయలుగా పంచారు, నియమాలు ఎంతవరకు రాతలో ఉన్నాయి అన్న విషయాలను అంకెల్లో చెప్పే పద్ధతులే సంస్థాగత నిర్మాణ కొలమానాలు. మళ్లీ కొలిచినా ఫలితం నిలకడగా ఉంటే కొలమానానికి విశ్వసనీయత ఉన్నట్లు. కొలవదలచినదాన్నే కొలిస్తే సప్రమాణత ఉన్నట్లు. మాక్స్ వెబర్ మరణానంతరం వెలువడిన రచనల్లో ఉద్యోగస్వామ్య లక్షణాల వివరణ ఉంది గాని వాటిని కొలిచే దారి లేదు; తరువాతి నాలుగు దశాబ్దాలూ ఎక్కువగా వర్ణనలతోనే గడిచాయి. 1963లో రిచర్డ్ హాల్ పది సంస్థల్లో ఆరు లక్షణాలను విడివిడిగా కొలిచి, అవి ఒకదానితో ఒకటి కలిసి పెరగవని చూపాడు. 1966 నాటికి మైకేల్ ఐకెన్, జెరాల్డ్ హేగ్ 16 సంక్షేమ సంస్థల సిబ్బందిని అడిగి కేంద్రీకరణ, లిఖితబద్ధతలను లెక్కగట్టారు.

ఇంగ్లండులోని బర్మింగ్‌హామ్‌లో డెరెక్ పగ్, డేవిడ్ హిక్సన్ తదితరుల ఆస్టన్ బృందం దీనికి భిన్నమైన దారి పట్టింది. 250 మందికి పైగా పనిచేసే 46 సంస్థలను పరిశీలించి 1968లో ఫలితాలు ప్రకటించింది. అభిప్రాయాలు అడగకుండా ప్రధానాధికారితో మొదలుపెట్టి విభాగాధిపతుల దాకా వాస్తవాలు సేకరించి, వీలైనచోట కాగితాలు తెప్పించి చూసిన ఈ పని ఆ రంగంలో మెచ్చదగినంత ఓపికైనది. కేంద్రీకరణను పట్టుకోవడానికి 37 నిర్ణయాల జాబితా చేతబట్టుకుని, ఏ నిర్ణయానికి చివరి ఆమోదం ఏ అంతస్తులో దొరుకుతుందో అడిగారు. చిక్కు అక్కడే వచ్చింది. నమూనాలో పెద్ద కంపెనీల శాఖలూ ఉన్నాయి. ప్రధాన కార్యాలయం తీసుకునే నిర్ణయం శాఖ లెక్కలో కేంద్రీకరణగా నమోదైంది. స్వయంప్రతిపత్తి లేకపోవడమూ, లోపల అధికారం ఒకచోట పోగుపడటమూ ఒకే అంకెలో కలిసిపోయాయి. 1972లో జాన్ చైల్డ్ 82 వ్యాపార సంస్థలతో అధ్యయనాన్ని తిరిగి చేస్తే, నియమాలు పెరిగినచోట కేంద్రీకరణ తగ్గుతున్నట్లు కనిపించింది. ఆస్టన్ లెక్కల్లో ఆ సంబంధం అంత స్పష్టంగా లేదు. తేడాకు నమూనా ఎంపిక కారణమని ఒక వాదన. అది నిజమే అనుకున్నా, ఎవరిని ఎంచుకున్నా ఒకే అర్థం నిలుపుకోలేని కొలమానపు సప్రమాణత ప్రశ్నార్థకంగానే మిగులుతుంది.

కాగితాల లెక్క, సిబ్బంది జవాబులు ఒకే సంస్థ గురించి ఒకేమాట చెప్తాయా? ఒకే గుణాన్ని కొలిచే రెండు పద్ధతులు ఏకీభవించాలన్నది 1959లో కాంప్‌బెల్, ఫిస్క్ నిలిపిన కొలబద్ద. 1973లో జోహన్నెస్ పెన్నింగ్స్ రెండు రకాల కొలతలనూ పక్కపక్కన పెడితే ఆశించిన ఏకీభావం దొరకలేదు. రెంటిలో ఒకటి తప్పని తేల్చేయడం సులభమే. కాని రూల్సు పుస్తకం బీరువాలో భద్రంగా ఉంటూనే సిబ్బంది దాని ఊసెత్తకుండా పనిచేయగలరు. అప్పుడు రెండు కొలతలూ నిజమే చెప్తున్నట్లు. 1978లో విజయ్ సాథే ఈ వివరణకే మొగ్గాడు: ఒకటి రూపకల్పన చేసిన నిర్మాణాన్ని, మరొకటి సభ్యులు అనుభవిస్తున్న నిర్మాణాన్ని చూపుతుందన్నాడు. ఇలాగైతే ఏ వైఫల్యాన్నైనా కొత్త పేరు పెట్టి కాపాడుకోవచ్చన్న ఆక్షేపణ బలమైనదే. దానికి జవాబు ఒక్కో కొలమానాన్ని విడిగా పరీక్షించడంలోనే ఉంది. 1980లో డ్యూవర్, వెటెన్, బోజే ఐకెన్–హేగ్ ప్రశ్నలతో చేసింది అదే: ఒక్కో అంశపు ప్రశ్నలు తమలో తాము పొసగుతున్నాయా, పక్క అంశపు ప్రశ్నల నుంచి విడివడుతున్నాయా అని చూశారు. పదిమంది జవాబులను సగటు చేసి సంస్థ గుణంగా చెప్పాలంటే ముందు ఆ పదిమందీ ఏకీభవించాలి. ఆ ఏకీభావాన్ని లెక్కగట్టే సూచికను జేమ్స్, డెమరీ, వుల్ఫ్ 1984లో ప్రతిపాదించారు.