షేప్‌ఫైల్: పేరుకు ఒకటి, లెక్కకు మూడు

గ్రామ సరిహద్దుల మ్యాపు పంపమంటే చాలామంది ఎస్‌హెచ్‌పి అనే తోకపేరున్న ఫైలొక్కదాన్నే మెయిల్‌కు తగిలించి పంపేస్తారు. అందుకున్నవాళ్ల కంప్యూటర్‌లో అది సరిగా తెరుచుకోదు. పంపినవాళ్లను తప్పుపట్టి లాభం లేదు. షేప్‌ఫైల్ అన్నాక ఒకే ఫైలు అనుకోవడం సహజం. నిజానికి అది కనీసం మూడు ఫైళ్లు: ఆకారాలు దాచుకునే ఎస్‌హెచ్‌పి, ఏ ఆకారం ఎక్కడ మొదలవుతుందో చెప్పే సూచీ ఎస్‌హెచ్‌ఎక్స్, ఊరి పేరు, జనాభా లాంటి వివరాల పట్టిక డీబీఎఫ్. మూడింటికీ ముందు పేరు ఒకటే ఉండాలి, మూడూ ఒకే ఫోల్డర్‌లో ఉండాలి.

ఈ ఏర్పాటును పెట్టిన ఎస్రీ సంస్థ కాలిఫోర్నియాలోని రెడ్‌లాండ్స్‌లో 1969లో మొదలైంది. జాక్ డేంజర్‌మాండ్, లారా డేంజర్‌మాండ్ దంపతులు దాన్ని స్థాపించారు. 1982లో వచ్చిన వాళ్ల ఆర్క్‌ఇన్ఫో సాఫ్ట్‌వేర్ మ్యాపును 'కవరేజ్' అనే రూపంలో దాచేది. షేప్‌ఫైల్ చిక్కు దీని ముందు ఏపాటి! కవరేజ్‌లో కొంత భాగం దాని సొంత ఫోల్డర్‌లో ఉంటే, మిగతాది పక్కనే ఉన్న 'ఇన్ఫో' ఫోల్డర్‌లో ఇతర కవరేజ్‌ల వివరాలతో కలిసి ఉండేది. మామూలుగా ఫోల్డర్ కాపీ చేశారంటే మ్యాపు చెడిపోయినట్టే. ఆర్క్‌ఇన్ఫో సొంత ఆదేశంతోనే కాపీ చేయాలి. ఇంకో చోటికి పంపాలంటే మొత్తాన్ని ఈ00 అనే ఒకే ఫైలుగా ఎగుమతి చేసి, అవతల మళ్లీ విప్పుకోవాలి. ఆ ఈ00 లోపలి నిర్మాణాన్ని ఎస్రీ బయటపెట్టలేదు. ఇతర సాఫ్ట్‌వేర్లు రాసేవాళ్లు ఫైళ్లను తెరిచి చూసి, ఊహించి నేర్చుకున్నారు.

1990ల తొలి ఏళ్లలో ఎస్రీ మరో సాఫ్ట్‌వేర్ ఆర్క్‌వ్యూ రెండో వెర్షన్‌తో షేప్‌ఫైల్ వచ్చింది. మామూలు కంప్యూటర్‌పై చకచకా గీయడానికి పనికొచ్చే తేలికపాటి రూపం అది. 1998 జూలైలో ఎస్రీ దాని లోపలి నిర్మాణాన్ని బైటు బైటుగా వివరిస్తూ పత్రం విడుదల చేసింది. షేప్‌ఫైల్ ఇంతకాలం బతకడానికి కారణం దాని గొప్పదనం కాదు, ఆ పత్రమే అని నా అభిప్రాయం. ఎవరైనా చదవగలిగారు కాబట్టి అందరూ వాడారు.

మూడింటిలో డీబీఎఫ్ అరువు తెచ్చుకున్నది. దాని మూలం డీబేస్ అనే డేటాబేస్ ప్రోగ్రాం. కాలిఫోర్నియాలోనే పాసడీనా జెట్ ప్రొపల్షన్ ల్యాబొరేటరీలో పనిచేసే వేన్ రాట్‌లిఫ్, ఆఫీసు ఫుట్‌బాల్ పందెంలో గెలవాలని 'వల్కన్' పేరుతో రాసుకున్న ప్రోగ్రామే తర్వాత డీబేస్ 2గా అమ్ముడైంది. డీబేస్ 1 అనేది అసలు లేదు. ఫుట్‌బాల్ పందెం కోసం పుట్టిన పట్టికల వంశంలోకే చివరికి మన గ్రామాల జాబితాలు చేరాయన్నమాట.

అసలు ప్రమాదం ఈ అరువులోనే ఉంది. ఆకారానికీ పట్టికలోని వరసకీ మధ్య ఏ గుర్తింపు సంఖ్యా లేదు, వాటిని కలిపేది క్రమం ఒక్కటే. ఎస్‌హెచ్‌పిలో పదో ఆకారానికి డీబీఎఫ్‌లో పదో వరస. ఎవరో ఉత్సాహంగా డీబీఎఫ్‌ను స్ప్రెడ్‌షీట్‌లో తెరిచి, పేర్లను అక్షరక్రమంలో పేర్చి సేవ్ చేశారనుకోండి. మ్యాపు చక్కగా తెరుచుకుంటుంది, ఎర్రర్ ఏమీ రాదు. కానీ ఒక ఊరి జనాభా ఇంకో ఊరి సరిహద్దులో కూర్చుంటుంది. ఫైలు పోతే తెలుస్తుంది, ఇలా చెడిపోతే తెలియదు. సూచీ పోతే జీడాల్ లాంటి సాధనాలతో మళ్లీ కట్టుకోవచ్చు. తారుమారైన క్రమాన్ని మాత్రం పాత కాపీ ఉంటేనే సరిచేయగలం.

1998 పత్రం వివరించింది మూడు ఫైళ్లనే. స్థానాలను ఏ పద్ధతిలో లెక్కగట్టారో చెప్పే పీఆర్‌జే ఫైలు లేకపోయినా మ్యాపు తెరుచుకుంటుంది. అదే మనకు చేటు. భూమిని జోన్లుగా విడగొట్టే యూటీఎం పద్ధతిలో తెలుగు నేల మూడు జోన్లలో పడుతుంది: అనంతపురం 43లో, హైదరాబాద్, విజయవాడ, విశాఖ 44లో, ఇచ్ఛాపురం 45లో. పీఆర్‌జే లేని ఫైళ్లన్నీ 44వే అనుకుని తెరిస్తే అనంతపురం బంగాళాఖాతంలో తేలుతుంది, ఇచ్ఛాపురం ఉమ్మడి ఆదిలాబాద్ జిల్లాకు చేరుతుంది.

తెలుగుతో మరో ఇరకాటం. డీబీఎఫ్‌లో కాలమ్ పేరుకు 10 బైట్లే చోటు. యూనికోడ్ యూటీఎఫ్-8లో తెలుగు అక్షరమైనా గుణింతపు గుర్తయినా ఒక్కోటి 3 బైట్లు తింటుంది. 'ఊరు' 9 బైట్లతో ఇమిడిపోతుంది, 'గ్రామం' 18 బైట్లు కాబట్టి పట్టదు. పట్టిక ఏ లిపి సంకేతంలో ఉందో చెప్పే సీపీజీ ఫైలు దారిలో రాలిపోతే పేర్లన్నీ పిచ్చిగీతలవుతాయి.

ఇన్ని తోకల బెడద లేని రూపం కూడా ఉంది: ఓపెన్ జియోస్పేషియల్ కన్సార్షియం 2014లో జియోప్యాకేజ్‌ను ప్రమాణంగా ప్రకటించింది. 2000లో రిచర్డ్ హిప్ మొదలుపెట్టిన ఎస్‌క్యూలైట్ డేటాబేస్ మీద కట్టిన ఒకే ఫైలు ఇది. ఎన్ని పొరలున్నా అందులోనే, వాటి లెక్క పద్ధతీ అందులోనే. 2018లో వచ్చిన క్యూజీఐఎస్ 3 అనే మ్యాపు సాఫ్ట్‌వేర్ కొత్త పొరలను మామూలుగా ఇందులోనే భద్రపరుస్తుంది. దీనికీ ఒక మెలిక ఉంది. ఫైలు తెరిచి ఉండగా పక్కన డబ్ల్యూఏఎల్ అనే తోకతో తాత్కాలిక ఫైలు పుట్టవచ్చు. తాజా మార్పులు ముందు అందులోకే వెళ్తాయి. అప్పుడు అసలు ఫైలొక్కదాన్నే పెన్‌డ్రైవ్‌లోకి లాగితే మీరు కాసేపటి క్రితం గీసిన గీతలు అందులో ఉండకపోవచ్చు.

మ్యాపు సాఫ్ట్‌వేర్‌లో పనిని సేవ్ చేసే ప్రాజెక్టు ఫైలు సంగతీ గుర్తుంచుకోండి. అందులో సాధారణంగా మ్యాపు ఉండదు, మ్యాపు ఎక్కడుందో చెప్పే దారి మాత్రమే ఉంటుంది. కాబట్టి పంపే ముందు సాఫ్ట్‌వేర్ మూసేయండి, ప్రాజెక్టునూ డేటానూ ఒకే ఫోల్డర్‌లో పెట్టి జిప్ చేయండి. అవతల తెరిచాక ఆకారాల సంఖ్య, ఒకటి రెండు ఊళ్ల స్థానం సరిచూడమనండి. ఆ జవాబు వచ్చేదాకా మీ దగ్గరి కాపీ చెరిపేయకండి.