పుట్టెంట్రుకల దారి

మా రాజంపేట వైపు పిల్లలు కొండ ఎక్కేది సరదాకు కాదు, మొక్కుకు. బిడ్డ ఇంకా కడుపులో ఉండగానే ఇంట్లో ఎవరో ఒకరు అనేసి ఉంటారు, పుట్టెంట్రుకలు తిరుమల కొండకే ఇస్తామని. ఏడాది లోపల తీయించాలి, కుదరకపోతే మూడో ఏడు, అదీ దాటితే ఐదో ఏడు. సరి సంవత్సరం పనికిరాదు. మేనమామ ఒళ్ళో కూర్చోబెట్టుకోవాలి, ఆయనకు సెలవు దొరకాలి. ఇన్ని కుదిరేసరికి బిడ్డ పెద్దదవుతుంది. పదకొండు నెలల పసిదాన్ని చంకన వేసుకుని మెట్లెక్కడం ఒక పని. మూడేళ్ళ వాడు సగం దారిలో చతికిలబడి "నేను రాను" అంటే వాణ్ణి ఎత్తుకుని ఎక్కడం ఇంకో పని. వాయిదా వేసిన మొక్కు బరువెక్కుతుందని మా జేజి అనేది. ఆమె చెప్పింది పిల్లల బరువు గురించే.

బడిలో సాంఘికం చెప్పినదాన్ని కాబట్టి తిరుమల చరిత్ర అనగానే నా నోటికి శాసనాలే వస్తాయి. పల్లవ రాణి సామవై ఇచ్చిన వెండి విగ్రహం, 1513 నుంచి 1521 దాకా కృష్ణదేవరాయలు ఏడుసార్లు వచ్చి సమర్పించిన నగలు, ఎవరు ఏ నైవేద్యానికి ఏ ఊరు రాసిచ్చారు, అన్నీ రాళ్ళ మీద ఉన్నాయి. ఆ రాయలవారి వెనకాల ఎంతమంది తల్లులు బిడ్డల్ని మోసుకుంటూ ఎక్కారో ఏ రాయీ చెప్పదు. దానం ఇచ్చినవాళ్ళకే రాత దక్కింది. మిగతాదంతా జేజిలు చెప్పాల్సిందే.

ఒక్క పిల్లవాడి సంగతి మాత్రం పుస్తకంలోకి ఎక్కింది. వాడూ మా పక్క ఊరి వాడే, తాళ్ళపాక అన్నమయ్య. 1408లో పుట్టాడంటారు. ఆయన మనవడు చినతిరువెంగళనాథుడు తాత కథను ద్విపదలో రాసి పెట్టాడు కనుక మనకు తెలిసింది. గడ్డి కోసుకు రమ్మని ఇంట్లోవాళ్ళు పంపితే కొడవలికి వేలు తెగి, విసిగిపోయి, దారిన పోయే యాత్రికుల గుంపులో కలిసిపోయాడు. అప్పటికి ఎనిమిదేళ్ళ వాడని చెబుతారు. మోకాళ్ళ పర్వతం దగ్గరికి వచ్చేసరికి ఆకలి, అలసట. చెప్పులతోనే ఒక వెదురు పొద కింద పడి నిద్రపోయాడు. అలమేలుమంగమ్మ పెద్దముత్తైదువలా వచ్చి, చెప్పులు విప్పమని చెప్పి, ప్రసాదం తినిపించిందట. లేచి ఆమె మీద శతకం చెప్పాడట. పండితులు ఆ శతకం దగ్గర ఆగుతారు. నేను ప్రసాదం దగ్గర ఆగుతాను. గాలిగోపురం దాటాక దారి చదునుగా సాగుతుంది, పిల్లలు ఉరుకులు పెడతారు, ఇక అయిపోయినట్టే అనుకుంటారు. సరిగ్గా అప్పుడు మోకాళ్ళ పర్వతం నిటారుగా ఎదురు నిలుస్తుంది. ఈనాటికీ పిల్లలు మొండికేసేది అక్కడే. ఏదో ఒకటి నోట్లో పెట్టందే ఒక్కరూ కదలరు.

ఆ మెట్లూ మా జిల్లావాళ్ళ చలవే. సిద్ధవటం ఏలిన మట్లి రాజుల్లో అనంతరాజు 17వ శతాబ్దంలో అలిపిరి మెట్లు వేయించాడని, గాలిగోపురం ఎత్తించాడని చరిత్రకారులు అంటారు. అంతకు ముందూ జనం ఎక్కేవాళ్ళు, రాళ్ళూ రప్పల మీద. ఇప్పుడు లెక్కకు 3,550 మెట్లు, సుమారు 9 కిలోమీటర్లు. చంద్రగిరి వైపు నుంచి వచ్చే శ్రీవారి మెట్టు దారి పొట్టిది, 2,388 మెట్లు, రెండు కిలోమీటర్ల పైచిలుకు. పిల్లలున్నవాళ్ళు పొట్టి దారే మేలనుకుంటారు. నేను ఒప్పుకోను. ఆ దారి ఒకటే ఎత్తు. అలిపిరి దారిలో ఎత్తు చాలావరకు మొదట గాలిగోపురం దాకా పోతుంది, తర్వాత కాళ్ళకు ఊపిరి దొరుకుతుంది, జింకలు కనిపిస్తాయి.

మా నాయన పుట్టెంట్రుకలకు జేజి వెళ్ళేనాటికి కొండకు బండి దారి లేదు. రాజంపేటలో రైలెక్కి రేణిగుంటలో దిగి, అక్కడి నుంచి తిరుపతి. ఊళ్ళో కొందరు మామండూరులో దిగి కుక్కలదొడ్డి మీదుగా అడవిలో పడి నడిచేవాళ్ళు. అన్నమయ్య నడిచిందీ అటేనని మావాళ్ళ నమ్మకం. ఆ దారిన పసిబిడ్డతో రానని జేజి గట్టిగా చెప్పిందట. తిరుపతిలో సత్రంలో పడుకుని, కోడి కూయకముందే అలిపిరి చేరారు. తలయేరు గుండుకు మోకాళ్ళూ తలా ఆనించారు. అలా చేస్తే పైకి వెళ్ళినా ఒళ్ళు నొప్పులు రావంటారు. మా నాయన నుదురు కూడా ఆనించబోతే వాడు ఊరంతా లేచేలా ఏడ్చాడట.

డోలీ ఒకటి మాట్లాడుకున్నారు, మా నాయన తాతమ్మ కోసం. వెదురు బొంగు, దానికి తాళ్ళతో వేలాడే బల్ల, మోసేవాళ్ళు భుజాలు మార్చుకుంటూ పైకి. ముసలమ్మ కూర్చోగానే బిడ్డను తెచ్చి ఆమె ఒళ్ళో పెట్టారు. ఒక కూలికి ఇద్దర్ని మోయమంటారా అని బోయీలు డోలీ దించేశారు. బేరం తెగేసరికి తెల్లారింది. చివరికి బిడ్డను జేజే వీపున చీర కొంగుతో కట్టుకుని ఎక్కింది. సద్ది మూటలో పెరుగన్నం, బొరుగులు, బెల్లం. మండపం వచ్చినప్పుడల్లా కూర్చోవడం, బిడ్డకు పాలివ్వడం, లేవడం. మధ్యాహ్నానికి పైకి చేరారు.

అందరి పిల్లలకూ ఈ అలసట కూడా దక్కలేదు. అంటరానివాళ్ళని ముద్ర వేసిన కులాలవాళ్ళు అలిపిరి దగ్గరే నిలబడి కొండకు దండం పెట్టి తిరిగి వెళ్ళిన కాలం ఉంది. మద్రాసు రాష్ట్రంలో అందరికీ గుడి తలుపులు తెరిచిన చట్టం 1947లో వచ్చింది. నా క్లాసులో పిల్లలు ఈ మాట విని "మరి వాళ్ళ మొక్కులు ఎక్కడ తీర్చుకున్నారు టీచర్?" అని అడిగేవాళ్ళు. పుస్తకంలో జవాబు లేని ప్రశ్న అది.

1944 ఏప్రిల్‌లో మద్రాసు గవర్నరు ఆర్థర్ హోప్ ఘాట్ రోడ్డు తెరిచాడు. మెల్లగా బస్సులు వచ్చాయి, డోలీలు తగ్గాయి. నన్ను కొండకు తీసుకెళ్ళింది బస్సులోనే. అమ్మ చేతిలో నిమ్మకాయ, నా ముఖం కిటికీ బయట. అప్పటికి ఎక్కేవీ దిగేవీ ఒకే రోడ్డు మీద. రెండో రోడ్డు 1974లో పూర్తయింది, పాతది దిగడానికి మిగిలింది. అవసరం తీరిపోయాక నడక ఆగిపోవాలి కదా. ఆగలేదు. అదే ఒక మొక్కు అయి కూర్చుంది. జేజికి మొక్కంటే జుట్టు ఇవ్వడం, నడవడం దారి ఖర్చు లాంటిది. మా కోడలికి నడవడమే మొక్కు. మెట్టు మెట్టుకూ పసుపు కుంకుమ పెట్టుకుంటూ వంగి లేస్తూ ఎక్కే ఆడపిల్లల్ని చూస్తే జేజి ఏమనేదో! పని లేకనా అని తప్పకుండా అడిగేది.

2023లో నడకదారి మళ్ళీ అడవి అయింది. జూన్‌లో ఒక చిరుత చిన్న బాబును కరచుకుని పోయింది, జనం వెంటపడితే వదిలేసింది. ఆగస్టులో ఆరేళ్ళ పాప ప్రాణమే పోయింది. దేవస్థానం 15 ఏళ్ళలోపు పిల్లల్ని పొద్దున ఐదు నుంచి మధ్యాహ్నం రెండు దాకానే మెట్ల దారిలో పంపుతామంది. పెద్దల చేతికి కర్రలిచ్చింది, గుంపులుగా నడవమంది. మా కోడలు ఆ వార్త చదివి ఇన్ని ఆంక్షలైతే ఎలా అని విసుక్కుంది. నాకు కొత్తేమీ అనిపించలేదు. జేజి కాలంలో పొద్దున్నే బయలుదేరడం, చీకటి పడకముందే పైకి చేరడం, పాతికమందికి తగ్గకుండా నడవడం, మగవాళ్ళ చేతుల్లో కర్రలుండడం ఎవరూ రాసి అంటించిన నియమాలు కావు. గోవిందా అని గొంతెత్తి అరవడంలో భక్తి ఎంతో, ముందున్న పొదలో ఏదైనా ఉంటే అది పక్కకు తప్పుకోవాలన్న జాగ్రత్తా అంతేనని జేజి చెప్పేది. పిల్లల చేత మరింత గట్టిగా అరిపించేవాళ్ళట.

ఈసారి మనవరాలి ఐదో ఏటికి మా కోడలు బస్సే ఖాయం చేసింది. మేనమామ మాత్రం నడిచే వస్తానంటున్నాడు.