దొడ్డి

దొడ్డి అంటే పశువులను కట్టే ఆవరణ. చేలో పడి మేసిన గొడ్లను తోలేది బందెలదొడ్డికి. ఇంటి వెనుక ఖాళీ జాగాకూ అదే పేరు. అటు తెరుచుకునేది దొడ్డిగుమ్మం. మరుగు కూడా అటే కనుక ‘దొడ్డికి వెళ్లడం’ వాడుకలోకి వచ్చింది. నలుగురి కంటా పడకుండా చక్కబెట్టుకునే పనికి ‘దొడ్డిదారి’ అన్నారు.

ఇప్పటి ఇంటి ప్లానులో ఆ జాగా ‘వెనుక సెట్‌బ్యాక్’ అయింది. గాలి, వెలుతురు కోసం ఇంటి చుట్టూ ఖాళీ వదలాలి. ఉమ్మడి రాష్ట్రంలో 2012లో వచ్చిన జీవో 168 ప్రకారం ప్లాటు వైశాల్యం, భవనం ఎత్తు పెరిగేకొద్దీ సెట్‌బ్యాక్ కొలతా పెరుగుతుంది. ఆ ఖాళీని మింగి గోడ లేపినవాళ్లు అనుమతికి మాత్రం దొడ్డిదారే వెతుకుతారు. దొడ్డి పోయింది, దారి మిగిలింది.